కుర్రు ఆవలివైపు

గంగనర్సు పోలీసు చర్యకు ముందునుంచీ ధర్మపురి రేవులో తన పుట్టిపడవ నడుపుతున్నాడు. తెడ్డు పట్టే ముందు అరచేతులు తడుపుకుంటాడు, ఎక్కినవాళ్లతో మాట్లాడడు. యాత్రికులు సరదా పడితే గోదావరి నడుమ లంకలా తేలిన కుర్రుకు తీసుకెళ్లి, ఈవలి ఇసుకమేట చూపి తిప్పుకొస్తాడు. ఆవలివైపు, నల్లరాళ్ల వెనుక, చెట్లనిండా కొంగలు గూళ్లు పెడతాయని ఎవరికీ చెప్పడు. అక్కడికి ఒక్కడే పోయి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, బీడీ కూడా ముట్టించకుండా కూర్చుంటాడు.

ఆ కార్తీకంలో అతని బావమరిది పోశెట్టి ఆ చోటు కనిపెట్టి జనాన్ని తిప్పసాగాడు. రేవంతా పోశెట్టి పేరే. "ఏం బావా, ఇంకా ఇసుకనే చూపెడుతున్నవా?" అని నవ్వేవాడు. గంగనర్సుకు అన్నం సయించలేదు.

ఒక పొద్దున సుల్తానాబాద్ నుంచి వచ్చిన శంకరవ్వ తనవాళ్లతో అతని పుట్టి ఎక్కింది. "నిన్న నాకు పోశెట్టి కొంగల్ని చూపిండు తమ్మీ. మావోళ్లకు గూడ చూపెట్టు."

"మా పోశిగాడు కూసున్నయే చూపిండక్కా. నేను లేపి చూపెడ్త."

చెట్ల కింద పుట్టి ఆపి, తెడ్డుతో అంచుమీద ఫటఫట కొట్టాడు. కొంగలన్నీ ఒక్కసారే లేచి ఆకాశాన్ని తెల్లగా కప్పేశాయి.

"నర్సింహసామీ! పోశెట్టి గిట్ల చూపలే తమ్మీ!" అంది శంకరవ్వ, చేతులు జోడించి.

నవ్వబోయిన గంగనర్సుకు గుడ్లకోసం గూళ్లమీద వాలుతున్న కాకులు కనిపించాయి. వాటిని తరమాలంటే మళ్లీ కొట్టాలి. కొడితే కొంగలు దిగవు.

"ఇంకొక్కపారి కొట్టరాదు తమ్మీ," అంది శంకరవ్వ.

తెడ్డు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.