పెన్న ఒండ్రు కింద

ఆత్మకూరులో ఒక కాలేజీలో నేను భూగర్భశాస్త్రం చెబుతాను. ఆ ఎండాకాలం సోమశిల జలాశయం బాగా అడుగంటింది. పాత ఊళ్ల మొండిగోడలు బయటపడ్డాయని తెలియగానే మా అత్త నా దగ్గరికి వచ్చింది. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో వాళ్లదీ ఒకటి. గొర్రెల మందను తోలుకుని ఆత్మకూరు చేరినవాళ్లు.

"నన్నొకసారి ఆడికి తీసకపో అమ్మాయ్. పెద్దోడిని చూసొస్తా" అంది.

పెద్దోడంటే ఆమె తొలి కొడుకు. నడక రాకముందే జ్వరంతో పోయాడట. బతికుంటే నాకు బావగారు. మా మామ ఉదయగిరి కొండ కింద మంద మేపుతున్నప్పుడు ఒక తెల్లరాయి ఏరి, మోసుకొచ్చి, చేని గట్టున ఆ బిడ్డను పూడ్చిన చోట పెట్టాడట. మామ ఇప్పుడు లేడు. మా ఆయన ముందు ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. అందుకని మేమిద్దరమే ఆటోలో వెళ్లాం.

చేదబావి ఒరను చూసి చేను ఎక్కడో అత్త గుర్తుపట్టింది. రాయి మాత్రం కనబడలేదు. వెంట తెచ్చుకున్న పారతో నేను తవ్వడం మొదలుపెట్టాను. నెర్రెలిచ్చిన మన్ను పెళ్లలు పెళ్లలుగా లేచింది. మోకాలి లోతు దిగేసరికి గోతి అంచున పొరలు తేలాయి. కింద ఇసుక, దానిపైన సన్న ఒండ్రు, మళ్లీ ఇసుక, మళ్లీ ఒండ్రు. బోర్డు మీద ఎన్నోసార్లు గీసిన బొమ్మే. రాయి ఇంకా ఎన్ని పొరల కిందుందో అనుకుంటూ తవ్వడం ఆపాను.

"ఏందది?" అంది అత్త.

"వరద తెచ్చిన మట్టి. బరువు ఇసుక ముందు దిగుతాది, సన్నది తర్వాత. ఇట్టా పేరుకుని, బిగుసుకుని రాయవుతాది. ఇసుకైతే ఇసుకరాయి, ఒండ్రయితే పలకలుగా ఊడే రాయి. అవక్షేప శిలలంటాం."

"మీ మామ తెచ్చిన రాయీ ఇట్టాంటిదేనా?"

"ఉదయగిరి కొండ తెల్లరాయి గదా, మొదట అదీ ఇసుకేనత్తా. తర్వాత భూమి లోతుకు పోయింది. ఆ వేడికి, ఒత్తిడికి, కరక్కుండానే రేణువులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని గట్టిపడినాయి. అది రూపాంతర శిల. ఇసుకరాయిని కొడితే రేణువుల పక్కనుంచి పగులుతాది. ఇది రేణువులను కూడా కోసుకుంటా పగులుతాది."

నేను చెబుతూనే పోయాను. ఒండ్రు రాయి వేడికి పలక కావడం, ఆ పలక ఇంకా మారి అభ్రకం మెరిసే పొరలరాయి కావడం, పొరలున్నవి ఒక రకం, లేనివి ఒక రకం అంటూ తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఆపితే ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు.

చివరికి అడిగింది. "మరి బిడ్డ?"

పార కింద పెట్టాను. "మట్టిలో కలిసిపోయుంటాడత్తా."

"రాయి కూడా కాడా?"

"కాడు."

ఆమె ఏడవలేదు. గోతిలోకి వంగి చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని, "ఇంక పూడ్చెయ్యి. ఎండ తగులుతాది వాడికి" అంది.

పూడ్చాను. పైన మన్నును ఆమె అరచేత్తో సర్దింది, బిడ్డను జోకొడుతున్నట్టు. ఇంటికొచ్చాక అన్నం పెడితే కంచం పక్కకు జరిపింది.

ఆ ఏడు వానలకు పెన్న పొంగింది. సోమశిల మళ్లీ నిండి గేట్లెత్తారని టీవీలో చూపిస్తుంటే చుట్టుపక్కలవాళ్లు సంబరపడ్డారు. అత్త లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ నిలబడింది.