నాలుగు రూపాయలకు మూడు గెలలు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, నాలుగు రూపాయలకు మూడు గెలల అరటిపండ్లు కొన్నాను. అప్పట్లో మా తాడిపత్రిలో ఒక్క గెలే నాలుగు రూపాయలు. అంత చవగ్గా మా నాయన కొనలేదు, ఆయన నాయన కొనలేదు, ఆ తర్వాత నలభై ఏళ్ళు కొట్టు నడిపిన నేను కూడా మళ్ళీ కొనలేదు. ఆ మూడు గెలల్లో వారం నిలిచే పండు ఒక్కటీ లేదన్నది వేరే సంగతి. బేరం మాత్రం బేరమే.

మా నాయనది చిల్లర కొట్టు, మా ఇంటి ముందుగదిలోనే. బియ్యం, పప్పుబేడలు, బెల్లం, కిరసనాయిలు లోపల ఉండేవి. కొట్టు ముందు దూలానికి తాడుతో ఒక అరటిగెల వేలాడుతూ ఉండేది. బండలు కోసే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు, లారీలవాళ్ళు ఆగి, ఒక పండు తుంచుకుని, అయిదు పైసలు గల్లాపెట్టె మీద పెట్టి పోయేవారు. ఆ గల్లాపెట్టె వెనక కూర్చోవాలన్నది నా కోరిక. కోరిక అంటే చిన్నమాట, పిచ్చి. కూడికలు, తీసివేతలు నాయనకంటే నాకే తొందరగా వచ్చేవి. అయినా ఎండాకాలం సెలవులు వచ్చాయంటే నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టి, బియ్యంలో రాళ్ళేరమని చేట చేతికిచ్చేవారు. మా ఊరి బియ్యంలో రాళ్ళకేం కొదవ? ఊరే రాళ్ళ ఊరు.

ఆ ఏడు సెలవుల మొదటి వారంలోనే గల్లా గల్లా అని మా నాయన ప్రాణం తీశాను. ఆయన విసిగిపోయి చివరికి ఒక మాటన్నాడు.

"సరే, మండీకి పోయి నాలుగు రూపాయల్లో ఒక గెల తేపో. అది అమ్మి లాభం చూపిస్తే సెలవులంతా గల్లా కాడ నువ్వే కూర్చో. లేకుంటే మళ్ళా ఆ మాట ఎత్తగూడదు. చేట పట్టుకోని మీ అమ్మ పక్కన కూర్చోవల్ల."

మండీలో పెద్దవాళ్ళ బేరం నోటితో జరగదు. పశువుల సంతలో లాగే, పక్కవాడికి తెలియకుండా చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పండ్లాయన చిన్నపిల్లనని నాకు నోటితోనే ధర చెప్పబోయాడు. నేనే ఆపి, తువ్వాలు వెయ్యమన్నాను. వ్యాపారమంటే వ్యాపారం లాగే ఉండాలి కదా! ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, నవ్వు మింగి, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. నాలుగు వేళ్ళు పట్టాడు. నేను రెండు నొక్కాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను చెయ్యి లాక్కుని నాలుగడుగులు వేశాను. అది నాయన దగ్గర చూసి నేర్చిన విద్య.

"పాపా, నిలబడు! నా కొంప ముంచేదానికే పుట్టినావా నువ్వు?" అని పిలిచాడు. "నాలుగు రూపాయలకు మూడు గెలలు తీసుకోపో. ఎవురికీ చెప్పొద్దు, బజార్లో నా మర్యాద పోతాది."

పదకొండేళ్ళ పిల్లకు అంతకంటే ఏం కావాలి? గెలలు ఇంటిదాకా ఊరికే చేర్చాలన్నాను. దానికీ సరేనన్నాడు. ఆ ఎండలో తోపుడుబండి తానే తోసుకుంటూ, దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. అంత తొందరెందుకని నాకు తోచనే లేదు. తువ్వాలు కింద వేళ్ళ మీదే నా ధ్యాసంతా. పక్కనున్న సరుకును తిప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. గోడకు ఆనించిన గెలలు ముందువైపు పసుపుగా ఉన్నాయి, గోడవైపు ఏముందో ఆ గోడకే తెలుసు.

నాయన మొదటి గెల ఎత్తి తాడుకు కట్టాడు. చేతులు తీశాడో లేదో, టప్పని ఒక పండు రాలింది. ఆ వెనకే రెండు రాలాయి. మరీ మాగిన గెలలో పండు కాడను పట్టుకుని ఉండదు, గాలి తగిలినా జారిపోతుంది. చింతపండు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన తలపాగా మీద ఒకటి పడి చితికింది. ఆయన దాన్ని వేలితో తీసి నాకి, "తీపిగానే ఉండాదప్పా," అన్నాడు. మా నాయనకు ఆ మాటతో కోపం ఇంకా పెరిగింది.

"ఏం మే, పండ్లు తెమ్మంటే పాయసం తెచ్చినావే!" అని నా మీద అరిచాడు. "రేపు సాయంత్రం లోపల నా నాలుగు రూపాయలు, దాని మింద లాభం గల్లాలో పడల్ల. లేదంటే చేటే నీకు గతి."

కొట్టున్నవాళ్ళ పిల్లలు మంచి మంచి సరుకు తిని పెరుగుతారని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఏమైనా అనుకుంటుంది. మంచిది కొట్టుకు, అమ్ముడుపోనిది ఇంటికి. ముక్కలైన బిస్కెట్లు, పురుగు పట్టిన బేడలు, చెమ్మగిలిన బెల్లం, ఇవీ మా పంచభక్ష్యాలు. గెలలో చివరికి మిగిలే నల్లటి పండ్లు కూడా మా పాలికే వచ్చేవి. మచ్చలేని అరటిపండు రుచి నాకు బంధువుల ఇళ్ళలోనే తెలిసింది. ఆ నల్ల పండ్లను ఏం చేయాలో మా అవ్వకు, అంటే నాయన తల్లికి, బాగా తెలుసు. ఆమె పుట్టిల్లు చిలమత్తూరు. ఆ కన్నడ సరిహద్దు వంటలన్నీ ఆమె చేతిలో ఉండేవి.

ఏడుస్తూ కూర్చున్న నన్ను చూసి, "తోలు నల్లబడిందని పారేసేటట్లయితే మీ నాయన నన్ను ఎప్పుడో పారేసుండల్ల," అంది అవ్వ. "పొంగణాలు పోసి అమ్ముకోపో. మీ అమ్మను అడుక్కో, నీకు పెనం ముందర నిలబడేది యాడ వస్తాది?"

అమ్మ మధ్యాహ్నం అందరం తిన్నాక, గిన్నెలు కడుక్కుని, నడవలో చల్లటి బండల మీద కొంగు పరుచుకుని ఒక గంట పడుకునేది. రోజు మొత్తంలో ఆమెది అనదగ్గ గంట అదొక్కటే. నేను సరిగ్గా ఆ గంటలోనే పోయి లేపాను. ఆమె ఒక్క క్షణం నన్ను, నా వెనక నడవలో కారుతున్న గెలలను చూసి, "దేవుడా" అని లేచి, జుట్టు ముడేసుకుంది.

మూడు గెలల్లో వాడుకోదగ్గవి ఏరితే ఒక గెల పాటి తేలాయి. మిగతావి, తొక్కలతో సహా, పక్కింటివాళ్ళ మేకలు తిన్నాయి. ఏరిన పండ్లు ఒలిచి చేత్తో మెత్తగా పిసికి, దంచిన బెల్లం, గోధుమపిండి, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు వేసి జారుగా కలిపి, ఒక గంట నానబెట్టాం. ఈగలు ముసిరాయి. మోచేతుల దాకా జిగురు. గుంటలున్న ఇనప పెనం పొయ్యి మీద పెట్టాక, నూనె పోసే పని నాకివ్వమన్నాను. గుంటకు రెండు చుక్కలు పోశాను. లాభం చూపించాలి కదా! మొదటి వాయి మొత్తం పెనానికి అతుక్కుపోయింది. పుల్లతో గీకితే పొంగణాలు రాలేదు, పొడి వచ్చింది.

"మండీ కాదు మే ఇది," అని అమ్మ నా చేతిలోంచి నూనె గిన్నె లాక్కుంది. "పెనంతో బేరమాడితే ఇయ్యదు."

అరటిపండు కలిసిన పిండి తొందరగా మాడుతుంది. కంపకట్టెలేమో ఊరికే భగ్గుమంటాయి. మంట తగ్గించి, మూత పెట్టి, తిరగేసి, మళ్ళీ మూత పెట్టాలి. వాయికి ఏడు మాత్రమే. దానికి ఓపిక కావాలి, నాకు అది ఇప్పటికీ లేదు. రెండు వాయిలు చూసి నేను కొట్టు ముందుకు తప్పించుకున్నాను. ఆ రోజు, మర్నాడు మధ్యాహ్నం కూడా, ఆ పొగలో కూర్చుని పోసింది అమ్మ. పళ్ళెం నిండగానే వచ్చి ఎత్తుకుపోయింది నేను.

సాయంత్రం మిషన్లు ఆగాక, బండల దుమ్ముతో కనుబొమలదాకా తెల్లబడిన మనుషులు వచ్చేవారు. ఒకాయన పొంగణం పట్టుకుని ఇటూ అటూ తిప్పి, "ఏం పాపా, ఇంత నల్లగుండాదే, మాడ్చినావా?" అన్నాడు.

"నువ్వు ఇంత తెల్లగుండావే అన్నా, సున్నం కొట్టినారా?" అన్నాను.

పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆయన నవ్వుతూ ఒకటి తిన్నాడు, ఇంకో నాలుగు తీసుకున్నాడు. మర్నాడు తన తోటివాళ్ళనందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

రెండో సాయంత్రానికి రెండు వందల పొంగణాలు అయిపోయాయి. ఒక్కోటి అయిదు పైసలు. పది రూపాయల చిల్లర నాయన ముందు కుప్ప పోశాను. పదిలో నాలుగు పోతే ఆరు రూపాయలు లాభం, గల్లా దగ్గరి నుంచి జరుగు అన్నాను. నాయన నిజంగానే జరగబోయాడు. గడప దగ్గర కూర్చున్న అవ్వ అడ్డం పడింది.

"కాగితం తీసుకోని బిల్లు రాయి. రాసి నాకు సదివి ఇనిపిచ్చు," అంది. ఆమెకు చదువు రాదు.

పొట్లాలు కట్టే కాగితం ఒకటి తీసి రాశాను. "పండ్లు నాలుగు రూపాయలు."

"ఇంకా?"

"ఇంకేముండాది? పిండి, బెల్లం మన కొట్లోవే గదా."

"మన కొట్లోకి బెల్లం ఆకాశం నుంచి పడతాదా?"

రాశాను. పిండి రెండు రూపాయలు, బెల్లం రూపాయిన్నర, నూనె రూపాయి పావలా. ఇంకా అంది. కట్టెలు అర్ధరూపాయి. ఇంకా అంది. ఆ ఏడు వానలు లేక మా వీధి బావి ఎండిపోయింది, బిందె అయిదు పైసలకు నీళ్ళు కొంటున్నాం. జిడ్డు గిన్నెలకు నాలుగు బిందెలు, ఇరవై పైసలు. నా ఆరు రూపాయల లాభం నా కళ్ళముందే యాభై అయిదు పైసలకు దిగింది.

"ఇంకా?"

"ఇంకేమీ లేదవ్వా!" అని అరిచాను.

"పొంగణాలు పోసింది ఎవురు మే? నువ్వా?"

ముందుగా ఉలిక్కిపడింది నాయన. "అమ్మా, ఇంట్లో ఆడోళ్ళ కూలి గూడా రాస్తే మన కొట్టు ఎప్పుడో మూయల్ల గదా!"

"మూసినామా? ఎందుకు మూయలేదో తెలుసుకో," అంది అవ్వ.

అప్పట్లో ఆడకూలి రోజుకు రూపాయిన్నర. అమ్మ పనిచేసింది రెండు సగం రోజులు, కలిపితే ఒక రోజు. రూపాయిన్నర రాస్తే నష్టం. నష్టమైతే గల్లా లేదు, చేటే. నా బుర్ర చకచకా పనిచేసింది. లోపలికి పోయాను. అమ్మ కాలిన వేళ్ళకు నూనె రాసుకుంటూ ఉంది. నీది ఎండలో పని కాదు గదా, ఇంటి పట్టున కూర్చుని చేసేదే గదా, తెలిసినవాళ్ళం గదా అని అన్ని రకాలుగా చెప్పి, నీ కూలి అర్ధరూపాయి రాసుకుంటానన్నాను.

"నీ ఇష్టం మే," అంది. తల కూడా ఎత్తలేదు.

అంతే. అర్ధరూపాయి పోను లాభం అయిదు పైసలు. లాభం లాభమే కాబట్టి నాయన మాట మీద నిలబడ్డాడు. నేను చదివింది విని అవ్వ నా ముఖంలోకి చూసింది, మళ్ళీ "ఇంకా?" అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ సెలవులంతా గల్లా వెనక దర్జాగా కూర్చున్నాను. అక్కడి నుంచి నడవలో ఉన్న అమ్మ నేరుగా కనిపిస్తుందని కూర్చున్నాకే తెలిసింది. నా వంతు చేట కూడా అమ్మ ఒళ్ళోకే పోయింది.

ఈ ఎండాకాలం బెంగుళూరు నుంచి వచ్చిన మా మనవరాలు, నల్లబడిన అరటిపండ్లు మూడు చూసి, ఫోను ముందు పెట్టుకుని ఓవెన్లో కేకు చేసింది. "ఎట్లాగూ పారేసే పండ్లే గదా అవ్వా, కేకు ఫ్రీగా వచ్చినట్లే!" అంది. నాకు ఒళ్ళు మండింది. మూడు పండ్లను కాపాడటానికి వెన్న, గుడ్లు, చక్కెర, ఆ పండ్లకు పదింతలు ఖరీదు చేసే అక్రోట్లు, ముప్పావుగంట కరెంటు. ఒక్కొక్కటే చెప్పించి, ఇంకా, ఇంకా అని అడిగాను. చివరికి, ఆ జిడ్డు గిన్నెలన్నీ తోమింది మా ఇంట్లో పనిచేసే ఆమె అని ఒప్పించాను. ఆమెకు ఆ పూట కూలి మనవరాలి చేతే ఇప్పించాను. పిల్ల మూతి ముడుచుకుంది. కేకు మాత్రం బాగుంది. మూడు ముక్కలు తిన్నాను.

ఎదుటివాళ్ళు బేరమాడకుండా ఒప్పుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. పండ్లాయన తొందరగా ఒప్పుకున్నాడు, సరుకు కుళ్ళింది. అమ్మ తొందరగా ఒప్పుకుంది, ఆమె సరుకులో ఏ లోపమూ లేదు. అడిగితే ఇస్తారన్న నమ్మకం ఆమెకు మేమెవరమూ కలిగించలేదు, అంతే. కొట్టులో నలభై ఏళ్ళు ఎందరి దగ్గరో పైసా పైసా బేరమాడాను, కూలి దగ్గర మాత్రం ఆడలేదు. అది గొప్ప కాదు, సిగ్గు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కాగితం ఏ పొట్లానికి పోయిందో తెలియదు. ఇప్పుడు సరిగ్గా రాస్తే ఇదీ లెక్క. వచ్చింది పది రూపాయలు. సరుకుకు, కట్టెలకు, నీళ్ళకు తొమ్మిది రూపాయల నలభై అయిదు పైసలు. అమ్మ కూలి, బేరం లేకుండా, రూపాయిన్నర. నష్టం తొంభై అయిదు పైసలు.