ఒక పక్క నొక్కిన నక్షత్రం

ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కాక, పక్క సీటు అమ్మాయి లాప్‌టాప్‌లో వలయంలాంటి బొమ్మ చూసి ఆగలేకపోయాను.

“పేలిపోయిన నక్షత్రం శిథిలమే కదమ్మా?”

“అరే, ఎట్ల గుర్తుపట్టిన్రు అంకుల్?”

“గ్రంథాలయంలో ఖగోళం బీరువా మొత్తం చదివేశాను,” అన్నాను గర్వంగా.

ఆమె ఆ శిథిలం మీదే పీహెచ్‌డీ చేస్తోందట. “టెలిస్కోపుల ఇది ఒక పక్క నొక్కుకుపోయి ఉంటది. నా కంప్యూటర్ లెక్కల మాత్రం ప్రతిసారి గుండ్రంగనే ఒస్తది. ఇంక ఈ నమూనా వదిలెయ్యమంటున్నడు మా గైడ్.”

“ఆ పక్క వాయువు చిక్కగా ఉండి అడ్డుకుందేమో?”

“నాకూ గదే అనుమానం. అటు చిక్కగ పెట్టి లెక్క మళ్ల నడిపిస్తున్న. ఇదే ఆఖరుసారి.”

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కల్పించుకుంది. “నొక్కుకుపోతే ఏమైతది బిడ్డా? నా గారెలు ఎన్నడన్న గుండ్రంగ ఒచ్చినయా?”

“నాక్కూడ గట్లనే రావాలె పెద్దమ్మా!”

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను దిగాను. తలుపులు మూసుకున్నాక ఆ అమ్మాయి ఒక్కసారిగా లేచి, లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి అద్దానికి ఆనించింది. టెలిస్కోపు తీసిన బొమ్మ మీద ఆమె లెక్క గీసిన గీత, నొక్కుడు దగ్గర సైతం, అంచుకు అంచు అతికింది.

ప్లాట్‌ఫారం మీద నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. జనం తిరిగి చూశారు. చూడనీ అనుకుని, రైలు కనుమరుగయ్యేదాకా కొడుతూనే ఉన్నాను.