మైకులో చదివిన వీరగల్లు

ఒక రాయిని గట్టిగా చదివి, ఊరంతటికీ తాగునీళ్లు ఆపించిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. కుందుర్పి దగ్గర ఊటకుంట అనే ఊళ్లో సోషల్ టీచరుని. పాత శాసనాలు చదవడంలో పదిరోజుల శిక్షణ తీసుకుని వచ్చాను. ఆ పదిరోజుల చదువు తలకెక్కి కిందికి దిగనంది. ఊరి బయట బీడులో ఒక వీరగల్లు ఉండేది, అంటే పోరులో చచ్చినవాడికి నిలబెట్టిన రాయి. కత్తి ఎత్తిన వీరుడు, కింద నాలుగు వరసల అక్షరాలు. ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ ఆ అక్షరాలు పూడిపోయాయి. నాకు మాత్రం రాయలవారి సైన్యం, ఏనుగుల బారులు కళ్లకు కట్టాయి. "ఇది మహా యుద్ధభూమి! స్మారకం కడితే బస్సుల్లో జనం వస్తారు" అని ఊరంతా చాటాను.

నాకు సంగటి వండిపెట్టే అక్కమ్మవ్వ నమ్మలేదు.

"ఈడ మేకలకే నీళ్లు లేవే సామీ, ఏనుగులు ఏం తాగినాయి?"

"అవ్వా, నీకు చరిత్ర తెలీదు" అన్నాను.

రాయి దగ్గరే సభ పెట్టి, ముఖ్య అతిథిగా పక్కూరు తుమ్మమిట్ట సర్పంచి నరసింహప్పను పిలిచాం. మా బోర్లన్నీ ఎండిపోయి, వాళ్ల బోరు నుంచి పైపు వేసుకుని తాగుతున్నాం మరి. నీళ్లు వదిలే గేట్‌వాల్వు కూడా వాళ్ల ఊళ్లోనే ఉంది. అందుకే మనిషి కనబడనంత పూలదండ వేశాం.

సున్నం గీకించినవాణ్ణి, ముందే ఒకసారి చదువుకోవచ్చు కదా? చదవలేదండీ! అందరి ముందూ అప్పటికప్పుడు చదివి పేరు కొట్టేయాలని నా యావ. మైకు పట్టుకుని కూడబలుక్కున్నాను.

"తుమ్మమిట్టవారు..."

"చూడండప్పా, మా ఊరి పేరే ముందుండాది!" నరసింహప్ప చప్పట్లు కొట్టాడు. జనమూ కొట్టారు.

"...ఈ ఊరి ఆవులను... దోచికొని పోగా..."

చప్పట్లు ఆగాయి. నేనూ ఆగాలి కదా? అక్షరాలు కుదిరిన సంబరంలో అర్థం నా బుర్రకెక్కలేదు. గొంతు ఇంకా పెంచి, "...వెంటబడి, పోరాడి, పడెను!" అని ముగించి, మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాను.

"ఆ ఆవులు ఎప్పుడిస్తారన్నా?" వెనక నుంచి మా ఊరివాడొకడు అరిచాడు.

నరసింహప్ప దండ తీసి నా మెడలో వేశాడు. "ఏమప్పా అయ్యవారూ, పిలిచి, దండేసి, దొంగలంటావా?"

"నేననలేదన్నా, రాయి అంటోంది!"

"అయితే నీళ్లు గూడా రాయినే అడుగుపో!"

సాయంత్రానికి కుళాయిలు ఎండిపోయాయి. మూడు రోజులు ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి బిందెలు మోశారు. నేనూ మోశాను. "ఆ కొట్లాట ఎప్పుడో అయిపోయిండాది. నువ్వు మళ్లా మొదలుపెడితివి" అంది అక్కమ్మవ్వ. నిజంగా సిగ్గేసింది.

నాలుగో రోజు క్షమాపణకని తుమ్మమిట్టకు పోయాను. నరసింహప్ప నన్ను వాళ్ల ఊరి చివరకు తీసుకుపోయాడు. అక్కడా ఒక వీరగల్లు! పక్కన మైకు!

"దీన్నీ చదువు."

మైకు పట్టుకుని చదివాను. "ఊటకుంటవారు... ఈ ఊరి ఆవులను... దోచికొని పోగా..."

నరసింహప్ప ముఖం వెలిగిపోయింది. "ఇంగొకసారి, గట్టిగా!"

మూడుసార్లు చదివించుకుని, వాల్వు తిప్పించాడు. నీళ్లకన్నా ముందు మైకు మోత మా ఊరు చేరింది. నేను వెళ్లేసరికి అక్కమ్మవ్వ గడపలో అడ్డంగా కూర్చుని ఉంది.

"నీళ్లొచ్చినాయి సామీ. సంగటి మాత్రం తుమ్మమిట్టలోనే తినుపో."

ఆ రెండు వీరగల్లుల సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను: రాతి మీద అక్షరం కనబడితే దండం పెడతానే గానీ చదవను. మైలురాయిని కూడా చదవను. దిగాల్సిన ఊరు దాటిపోతే పోనీ. అది ఊటకుంట అయితే మరీ మంచిది.