పసుపు పూసిన మిషన్

సైబర్‌పంక్ కథ అంటే ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదని ఒక పెద్దమనిషికి గట్టి నమ్మకం. నగరంలో నెలనెలా కూర్చుని కథల గురించి మాట్లాడుకునే మా గుంపుకు ఆయనే పెద్ద. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. మంచి ఉద్యోగం, అంతకంటే మంచి గొంతు. యంత్రాలు ఆకాశంలో, బతుకులు బురదలో ఉంటే సైబర్‌పంక్ అట. ప్రభుత్వం కంటే కంపెనీ పెద్దదై, మనిషి ఒంటి మీద కూడా దాని పెత్తనమే నడవాలట. యంత్రాలు ఆవిరితో నడిస్తే స్టీమ్‌పంక్, మనిషి పుట్టుకనే మార్చి అమ్ముకుంటే బయోపంక్. అన్నీ చెప్పి నా వైపు తిరిగి, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఇవి పట్టుబడవండీ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పాల్మాకుల నుంచి రెండు బస్సులు మారి వచ్చింది ఈ మాట వినడానికా!

మా అమ్మ అప్పట్లో విమానాశ్రయం పక్కన ఒక సరుకుల గోదాములో ఊడ్చే పని చేసేది. గోడకున్న మిషన్ మీద వేలు పెడితేనే హాజరు, లేకపోతే వచ్చినా రానట్టే. భూమి ఉన్నన్నాళ్లు దసరాకు నాగలికీ కొడవలికీ పసుపు కుంకుమలు పెట్టేది. విమానాశ్రయం కింద భూమి పోయింది, నాగలి పోయింది. ఇప్పుడు కూడు పెట్టేది ఆ మిషనే కదా అనుకుంది. దసరా నాడు డ్యూటీ దిగే ముందు దానికి తడి పసుపు నిండుగా పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది.

మిషన్ చెడిపోయింది. కొత్తది తెచ్చి అందరి వేళ్లూ మళ్లీ ఎక్కించారు, అమ్మది తప్ప. ఎవరు వద్దన్నారో ఒక్కడూ నోరు విప్పలేదు. అడుగుదామని నేనూ వెంట వెళ్లాను. అమ్మ వేలు పెడుతుంది, అది ఎర్రగా వెలుగుతుంది. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. సూపర్‌వైజర్ మా ఊరివాడే, మా ఇంట్లో తిన్నవాడే.

"నువ్వెవరో నాకు తెల్వదా పెద్దమ్మా? మిషన్‌కు తెల్వాలె గద," అన్నాడు. సిగ్గులేని ముఖం.

ఆ నెల గుంపులో ఇదంతా కథగా రాసి చదివాను. పెద్దమనిషి కళ్లు మూసుకుని విన్నాడు.

"బాగుందండీ. కానీ ఆవిడ ఊరికే వెనక్కి వచ్చేయకూడదు. ఆ మిషన్‌ని బోల్తా కొట్టించి లోపలికి వెళ్లాలి, అప్పుడే సైబర్‌పంక్ అవుతుంది. ఆ పసుపూ గట్రా తీసేయండి," అన్నాడు.

తక్కినవాళ్లు తలలూపారు. ఆయన చెప్పిన సూత్రాలన్నీ మా అమ్మ నెత్తిన కూర్చుని ఉంటే, ఈయనకు పోరాట సన్నివేశం కావాలట. థూ అనుకుని కాగితాలు మడిచి లేచి వచ్చేశాను.

నేను వచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దున బయలుదేరేటప్పుడు, చదువుకున్న పెద్ద సార్ల ముందు నీ సంగతి చెప్పి వస్తానని ఆమెతో అన్నాను.

"చెప్పినవా బిడ్డా? ఏమన్నరు సార్లు? రేపటి సంది డ్యూటీకి రమ్మన్నరా?" అని అడిగింది.