డొల్ల రెక్క కింద

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఆకాశంతో ఎవరికీ పెద్దగా పని ఉండేది కాదు. వాన వస్తుందా రాదా అని చూడటానికి తప్ప తల ఎత్తేవాళ్లం కాదు. మా అన్నం భూమి కింద ఉండేది. నాకు బాయిలో (బొగ్గు గనిని మేం అలాగే అంటాం) కొత్తగా ఉద్యోగం వచ్చింది. నస్పూర్ నుంచి మూట సర్దుకొచ్చి అక్క వాళ్లింట్లో దిగాను. ఉద్యోగం వచ్చిందని పిల్లనిచ్చేవాళ్లు మా ఇంటి చుట్టూ తిరుగుతుంటే, లోపలికి దిగిన ప్రతిసారీ నా మోకాళ్లు మాత్రం మంచిర్యాల బస్సెక్కి పారిపోదామనేవి. నెత్తి మీద అంత బండ ఉందన్న సంగతి నేను ఒక్క క్షణం కూడా మరచిపోలేకపోయేవాణ్ణి. ఈ కొలువు నావల్ల కాదని బావకు చెప్పేద్దామని ఆ రోజు పొద్దున్నే నిశ్చయించుకున్నాను.

బావ అంటే మా అక్క భర్త. అదే బాయిలో సర్దార్, అంటే మనుషులు అడుగుపెట్టే ముందు పైకప్పును పరీక్షించేవాడు. చేతికర్రతో కప్పును తడతాడు. ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు, సపోర్టు పెట్టేదాకా ఎవరూ దాని కిందికి పోకూడదు. ఈ అలవాటు ఆయనకు ఎంత ముదిరిందంటే, పెళ్లికి పోయినా పందిరి గుంజను తట్టి చూశాకే విస్తరి ముందు కూర్చునేవాడు.

మొదటి షిఫ్టు అయ్యి పైకి రాగానే, ఊరి బయట మేకలు మేసే పాత రన్‌వే మీదికి చిన్న విమానం వస్తోందని తెలిసింది. నా రాజీనామా మాట గొంతులోనే ఉండిపోయింది. బావ, ఆయన మనుషులు, నేను మొహాల మీద బొగ్గు మసితోనే సైకిళ్లెక్కాం. అది మబ్బుల్లోంచి తెల్లగా, ఇంత సన్నగా దిగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఒక మనిషి గాలి మీద కూర్చుని మా వైపే వస్తున్నాడు! నేను నోరు తెరిచి చూస్తుండగానే అది నేలను తాకింది, కుడి చక్రం విరిగింది, ఒక పక్కకు ఒరిగి బరబరా ఈడ్చుకుపోయి పక్కనున్న కాకర తోట గట్టుకు తగిలి ఆగింది. కుడి రెక్క కొస నేలకానింది. ఎడమ రెక్క, పైలట్ తలుపు మీదుగా, ఏటవాలు కప్పులా పైకి లేచింది. గుప్పున పెట్రోలు వాసన వచ్చింది.

లోపల పైలట్ కదులుతున్నాడు, కాలు ఇరుక్కుంది. నేను ఉరకబోతే బావ నా కాలర్ పట్టి ఆపాడు. "బీడీలు, అగ్గిపెట్టెలు తియ్యుండ్రి జల్ది!" అన్నాడు. అందరి జేబులూ దూరాన ఖాళీ అయ్యాయి. తర్వాత ఆయన వంగి వెళ్లి, విమానం రెక్కను కర్రతో తట్టాడు.

డొల్ల.

ఇంకోచోట తట్టాడు. అక్కడా డొల్లే. బావ మొహం తెల్లబోయింది (మసి మీద కూడా తెలిసింది). "కప్పు మొత్తం బోలుగున్నది! సపోర్టు లేంది ఎవ్వడు కిందికి పోవద్దు!"

ఇక చూడాలి. తోట యజమాని లబోదిబోమంటున్నా వినకుండా కాకర పందిరి గుంజలు పీకారు, రెక్క కింద నిలబెట్టారు, రాళ్లు దూర్చి బిగించారు. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ తడబడలేదు. "అయ్యా, ముందు నన్ను తియ్యండి!" అని పైలట్ మొత్తుకుంటే, "కదలకుండ్రి సారూ, ఫికర్ చెయ్యకుండ్రి, మీ కప్పు మంచిగ లేదు" అని బావ ధైర్యం చెప్పాడు. "బామ్మర్ది, నువ్వు సన్నగున్నవ్, దూరు" అని నన్నే పంపాడు. గుంజల మధ్య పాక్కుంటూ పోయి సీటు కిందినుంచి ఆయన బూటు విప్పాను. కాలు బయటికొచ్చింది. పెట్రోలు నా వీపు మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది. విచిత్రమేమిటంటే, బావ తట్టి చూసిన కప్పు కింద నాకు మోకాళ్లు వణకలేదు.

గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాక, పైలట్ ఆ గుంజల వరసను చూసి సంగతి అడిగి తెలుసుకున్నాడు. నవ్వలేక నవ్వాడు. "రెక్క ఎప్పుడూ డొల్లే అన్నా. అందుకే ఎగురుతుంది."

బావ తల ఎత్తి ఆకాశం వైపు చూశాడు. "గింత బోలుదాని మీద నమ్మకం పెట్టుకొని గంత మీదికి పోతరా సారూ? మేమైతే అడుగు పెట్టం" అన్నాడు. పైలట్ ఆయన మసి మొహం వైపు చూసి, "మీరు భూమి లోపలికి రోజూ పోతారా? నేనైతే చచ్చినా దిగను" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు దేవుణ్ణి చూసినట్టు చూసుకున్నారు. నేను ఆ ఇద్దరినీ చూశాను. మర్నాడు మొదటి షిఫ్టుకు దిగాను.

చాలా ఏళ్లకు, మొన్నీమధ్య, హైదరాబాద్ నుంచి మొదటిసారి విమానమెక్కాను. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకున్నాక, కిటికీ పక్క గోడను వేలి కణుపుతో తట్టాను. దిగాక రిటైరై ఇంట్లో ఉన్న బావకు ఫోన్ చేశాను.

"తట్టి చూసిన బావా. డొల్లే."

"మరి?"

"కూసున్న."

"శెభాష్ బామ్మర్ది," అన్నాడు బావ. "నీకు ధైర్యమొచ్చింది." ఇన్నేళ్లు బాయిలోకి దిగినా ఆయన నన్ను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.