సంకటిని నీళ్లు చేసిన పిండి

తిరుమణి పక్కన మా అన్న కొడుకు కట్టుకున్న పందుల షెడ్డులో మొన్న ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీస్తే, నానబెట్టి ఎండేసిన ధాన్యపు తియ్యటి వాసన, కాస్త పులుపు కలిసినది, ముక్కుకు తగిలి నాకు ఒళ్లు మండింది. డబ్బా తెచ్చిన కంపెనీ కుర్రవాడు, "పాలు మాన్పించిన పందిపిల్లలకు మొక్కజొన్న అరగదమ్మా. ఈ ఎంజైము మందు కలిపితే అరుగుతాది. మీ కాలంలో ఇవన్నీ యాడ తెలుసు?" అన్నాడు. బస్తా దాణాకు ఎంత కలపాలో లెక్క కట్టడానికి నన్ను పిలిపించింది మావాడే. సోలారు పలకల కిందికి పోయిన పొలం ఎన్ని గుంటలనే లెక్క దగ్గర్నుంచి ఊళ్లో ఏ లెక్కయినా నా దగ్గరికే వస్తుంది. కట్టి ఇచ్చాను. మా కాలంలో ఏం తెలుసో ఆ కుర్రవాడికి చెప్పబుద్ధి కాలేదు.

మాది పందులు సాకిన ఇల్లు. ఎండాకాలం మొదలైతే వేరుశనగ కట్టె వామి మీంచి దుమ్ము లేచి నోట్లో కరకరలాడేది, చింతకాయలు నమిలి నమిలి పండ్లు పులిసేవి, గచ్చకాయలాటలో ఆడపిల్లలందరి కాయలూ నా ఒళ్లోకే వచ్చేవి. బడి మూడో తరగతితోనే ఆగింది. కూడికలు గచ్చకాయలతో వచ్చాయి. తీసివేతలు పందిపిల్లలతో వచ్చాయి: పంది ఈనిన రోజు దొడ్డి గోడ మీద పిల్లకొక బొగ్గు గీత గీసేదాన్ని, చచ్చినదానికి అడ్డంగా కొట్టేసేదాన్ని. తొమ్మిది గీతల్లో నాలుగో ఐదో మిగిలేవి. పాలు మాన్పించగానే రాగిసంకటి పలచన చేసి పోస్తే, ఆ పిల్లలు ఆశగా తిని, పొట్టలుబ్బి, పారుకొని, తోక కింద తడి ఆరకుండానే పోయేవి. "పంది రాత" అనేది మా జేజి, నాయనను కన్న తల్లి. వక్కాకు నములుతూ గడప మీద కూర్చుని, పిండి సేరుతో కొలిచి, పైన అరచేత్తో చదును చేసి, అమ్మ చేతిలో పోసేది. చదును చేయకుండా ఒక్క సేరైనా పోయగా నేను చూడలేదు.

అమ్మ నిడుగల్లు కొండ కింది మనిషి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, చచ్చిన పిల్లల్ని ఎత్తి పారేసే పని విసుగెత్తి, తన పుట్టింట్లో చేసే పద్ధతి మొదలుపెట్టింది. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో రెండు రోజులు మూటగట్టి, తెల్లటి మొలకలు వచ్చాక ఈతచాప మీద మూడు ఎండలు ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, వేయించకుండానే ఇసుర్రాయిలో విసిరేది. పందులకు వండిన సంకటి దించి, వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగేంత చల్లారాక, ఆ పిండి ఒక పిడికెడు వేసి కలిపేది. తెడ్డు నిలబడే సంకటి చూస్తుండగానే కరిగి గంజయ్యేది. ఆ ఈతలో తొమ్మిది గీతలకు ఎనిమిది నిలబడ్డాయి.

జేజి పిల్లల్ని చూడలేదు. తొట్టిలో గంజిని చూసింది.

"రెండు సేర్లు కొలిచి ఇచ్చినానే. ఇవేం నీళ్లు? పిండి యాడికి పోయింది? పుట్టింటికి మోసినావా?"

"యాడికీ పోలేదత్తా. మొలక పిండి సంకటిని కరగదీస్తాది."

"సంకటి కరిగేదానికి అదేమన్నా బెల్లమా? దొంగముండా, ఎవురికి చెప్తావే కథలు!"

గోడవతల ఆడవాళ్లు నవ్వారు. అమ్మ ముఖం చూసి ఆగలేకపోయాను. రెండు కుండలు తెచ్చాను. జేజి కళ్లముందే రెండింటికీ సమంగా నీళ్లు, సమంగా పిండి, ఆమె సేరుతోనే కొలిచి, ఆమె లాగే అరచేత్తో చదును చేసి వండించాను. వేలు ముంచి పది లెక్కపెట్టి, ఒక కుండలోనే మొలక పిండి వేశాను. అది కరిగింది. రెండోది ముద్దలాగే ఉంది. గెలిచాననుకున్నాను.

జేజి రెండు కుండలూ వంచి చూసింది. నోట్లో వక్కాకు ఉమ్మేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది మందు," అంది. "ఉడికిన సంకటిని నీళ్లు చేసే మందు ఇంట్లో పెట్టుకోనుండాది. నా కొడుక్కి గూడా ఇదే పెట్టింటాది, అందుకే వాడు దీని మాట జవదాటడు."

మందు పెట్టడమంటే మా వైపు మొగుణ్ణి వశం చేసుకోవడానికి తిండిలో ఏదో కలపడం. గోడవతల ఈసారి ఎవరూ నవ్వలేదు. దొంగతనమైతే మరుసటి వారానికి మరిచిపోయేవాళ్లు. నాయన పొలం నుంచి వచ్చి అంతా విని, కాళ్లు కడుక్కుంటూ, "ఎందుకీ గలాటా? ఇంట్లో సంకటికి నువ్వు చెయ్యి పెట్టొద్దులే" అన్నాడు అమ్మతో. అంతే అన్నాడు. సంకటి తెడ్డు నా చేతికొచ్చింది. అమ్మ పందులకు మాత్రం వండేది. ఉగాదికి అందరం పొయ్యి చుట్టూ కూర్చుని ఓళిగలు తడుతుంటే, నెయ్యి వాసన దొడ్డిదాకా పోయేది, అమ్మ అక్కడ తొట్టి కడుగుతూ ఉండేది. ఆ తర్వాత పదకొండేళ్లకు జేజి పోయింది. ఇక వండమంటే అమ్మ, "అలవాటు తప్పిందిలే" అంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దొడ్డి లేదు, రాగి చేను లేదు. క్యాతగానచెర్లు వైపు చూపు ఆనినంత దూరం నల్ల అద్దాలే. జేజి ఫొటో మాత్రం మావాడి గోడ మీద ఉంది. అమ్మకు ఫొటో లేదు.

"ఏమత్తా, పెద్దజేజికి దండం పెట్టుకోకుండానే పోతావా?" అన్నాడు వాడు, నేను బయలుదేరుతుంటే.

ఎందుకు పెట్టనో చెప్పాను. వాడు విని, "పోనీలే అత్తా, ఎప్పటిదో" అన్నాడు.

"ఎప్పటిదో ఏందిరా? నలభై ఒక్కేండ్లు. మా అమ్మ, అదే మీ జేజి, పోయిందాకా ఇరవై ఏడు. ఆమె చేతి సంకటి నువ్వు ఒక్క ముద్దన్నా తిన్నావా?"

వాడు తినలేదు. నేను తొమ్మిదేళ్లు తిన్నాను. రుచి గుర్తు లేదు.